మాల్టాలో ఒక పగలు: ఎనిమిది భాషల వీరులు, ఒక వంటింటి భాష

కొన్ని ఊళ్ళకు చరిత్ర పుస్తకాలలో వాటి విస్తీర్ణానికి మించిన చోటు దొరుకుతుంది. మాల్టా అటువంటిది. సిసిలీకి దక్షిణాన సుమారు తొంభై కిలోమీటర్ల దూరంలో, మధ్యధరా సముద్రానికి నట్టనడుమ, అన్నీ కలిపి 316 చదరపు కిలోమీటర్ల సున్నపురాతి దీవులు. హైదరాబాదు నగరంలో సగం కూడా ఉండదు. నదులు లేవు, అడవులు లేవు, చెప్పుకోదగ్గ ఖనిజాలూ లేవు. ఉన్నదల్లా ఒక రేవు. సముద్రం కొండల మధ్యకు చేయి చాపినట్లు లోపలికి చొచ్చుకువచ్చి, ఆ చేతికి వేళ్ళలాగా పాయలు పాయలుగా చీలిన లోతైన రేవు. ఎంతటి తుఫానులోనైనా అందులో నౌకాదళం నిశ్చింతగా నిలబడగలదు. ఆ రేవు కోసమే ఫినీషియనులు వచ్చారు, రోమనులు వచ్చారు, 870లో అరబ్బులు, 1091లో నార్మనులు, తరువాత అరగాన్ రాజులు, 1530లో సెయింట్ జాన్ నైట్లు, 1798లో నెపోలియను, 1800లో ఆంగ్లేయులు వచ్చారు. ఇప్పుడు మావంటి వాళ్ళం వస్తున్నాము, ఏడు రాత్రుల విహారనౌక టిక్కెట్టు కొనుక్కుని.

మేము ఆరుగురం. కాలేజీ రోజులనాటి స్నేహం, అందరికీ జుట్టు నెరిసిన తరువాత కుదిరిన ప్రయాణం. మాలో ఒకాయన సాగునీటి శాఖలో పనిచేసి విరమించిన ఇంజనీరు. ఒకావిడ మత్తుమందు వైద్యురాలు. ఒకాయన హైదరాబాదు పాతబస్తీలో పుట్టి పెరిగిన వ్యాపారస్తుడు. ఆయన ఉర్దూ మా తెలుగుకన్నా తేటగా ఉంటుంది. ముందు రోజు మెస్సీనాలో బయలుదేరిన ఓడ తెల్లవారేసరికి వాలెట్టా రేవు ముఖద్వారంలోకి వచ్చింది. కుడిచేతి వైపు సెయింట్ ఎల్మో కోట, ఎడమ వైపు రికసోలి కోట, ఇంకాస్త లోపలికి వెళ్ళాక ఎడమన సెయింట్ ఆంజెలో కోట. ఎండ పడీపడకముందే ఆ గోడలన్నీ తేనె రంగుకు తిరిగాయి. పన్నెండో అంతస్తు డెక్కు మీద నిలబడితే కోట బురుజులు మన కంటి ఎత్తుకు వస్తాయి. ఒకప్పుడు ఈ రేవులోకి వచ్చే ఓడలను ఆ బురుజుల మీదివాళ్ళు పైనుంచి చూసేవారు. ఇప్పుడు ఓడలే పైనుంచి చూస్తున్నాయి.

ఈ కోటలు కట్టినవారి సంగతి కొంత చెప్పాలి. సెయింట్ జాన్ సంఘం పుట్టినది జెరూసలేములో, 11వ శతాబ్దంలో, యాత్రికులకు వైద్యం చేసే సత్రంగా. క్రూసేడులలో ఆ సత్రం కత్తి పట్టింది. 1291లో ఏకర్ పట్టణంతో పాలస్తీనాలోని చివరి నిలువ నీడ పోయింది. తరువాత రోడ్స్ దీవి పట్టుకుని రెండు శతాబ్దాలకు పైగా అక్కడినుంచి ముస్లిము ఓడలను కొల్లగొట్టారు. 1522లో ఓటోమన్ సుల్తాను సులేమాను ఆ దీవిని ముట్టడించి, గౌరవంగా వెళ్ళిపొమ్మని వదిలిపెట్టాడు. ఏడేళ్ళు ఇల్లు లేక తిరిగిన తరువాత చక్రవర్తి అయిదవ చార్లెస్ వీరికి మాల్టాను, గోజోను, ఆఫ్రికా తీరాన ట్రిపోలీని ఇచ్చాడు. అద్దె ఏడాదికి ఒక డేగ. సంఘం వారికి ఈ దానం పెద్దగా నచ్చలేదు. 1524లోనే తమ మనుషులను పంపి చూపించుకున్నారు. నీళ్ళు తక్కువ, కట్టెలు లేవు, మనుషులు పేదవాళ్ళు, మాట్లాడేది మూరుల భాష, ఇదీ వారు తెచ్చిన నివేదిక సారాంశం.

ఆ చివరి మాట పట్టుకోండి. ఈ వ్యాసం అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నైట్లు తమను తాము భాషలవారీగా విభజించుకున్నారు. ఒక్కొక్క విభాగాన్ని 'లాంగ్' అనేవారు, అంటే నాలుక, భాష. ప్రోవెన్స్, ఒవెర్న్, ఫ్రాన్సు, ఇటలీ, అరగాన్, ఇంగ్లండు, జర్మనీ, కాస్టీల్. మొత్తం ఎనిమిది నాలుకలు. ఎవరి భాష వాళ్ళది, ఎవరి విడిది భవనం వాళ్ళది, ఎవరికి రక్షించవలసిన బురుజు వాళ్ళది. ఇంగ్లండు నాలుకను ఎనిమిదవ హెన్రీ కోసేశాడు కాబట్టి 1565 నాటికి అది పేరుకే మిగిలింది. ఈ ఎనిమిదింటిలో మాల్టా భాష లేదు. దీవిలో పుట్టినవారిని పూర్తిస్థాయి నైట్లుగా చేర్చుకోవడం మామూలుగా జరిగేది కాదు. రెండు వందల అరవై ఎనిమిదేళ్ళు ఆ దీవిని ఏలిన సంఘంలో ఆ దీవి నాలుకకు చోటు లేదు.

ఇక 1565. ఆ ఏడాది మే 18న ఓటోమన్ నౌకాదళం తీరాన కనిపించింది. సేనకు ముస్తఫా పాషా, నౌకలకు పియాలే పాషా నాయకులు. ఇద్దరి మధ్య సఖ్యత అంతంతమాత్రం. కొన్నాళ్ళకు తుర్గుత్ రయీస్ వచ్చి కలిశాడు. యూరపువారు డ్రాగుట్ అని పిలిచి పిల్లలను భయపెట్టిన మనిషి ఇతడే. 1551లో గోజో దీవి మీద పడి సుమారు అయిదువేల మందిని, అంటే దాదాపు దీవి మొత్తాన్ని, బానిసలుగా పట్టుకుపోయిన దాడిలో ఇతడి చేయి ఉంది. ఎదుటి పక్షాన గ్రాండ్ మాస్టరు జాన్ పరిసో ద లా వాలెట్. అప్పటికే డెబ్బై ఏళ్ళ ముసలివాడు.

ఈ ఇద్దరి జీవితాలలో ఒక పోలిక ఉంది. లా వాలెట్ 1541లో సముద్రపు పోరులో పట్టుబడి ఏడాదిపాటు ముస్లిముల గేలీ ఓడలో తెడ్డు వేశాడు. తుర్గుత్ 1540లో జెనోవావాళ్ళకు పట్టుబడి మూడు నాలుగేళ్ళు క్రైస్తవుల గేలీ ఓడలో తెడ్డు వేశాడు. ఇద్దరూ సొమ్ము చెల్లించో, మార్పిడి మీదో విడుదలయ్యారు. ఇద్దరూ విడుదలయ్యాక చేసిన మొదటి పని మళ్ళీ మనుషులను పట్టి తెడ్లకు కట్టడం. గొలుసు బరువు తెలిసినవాడు గొలుసు వేయడని మనం అనుకుంటాము. ఆ సముద్రం మీద అలా జరగలేదు.

ఓటోమనులు మొదట సెయింట్ ఎల్మో కోట మీద పడ్డారు. చిన్న కోట, నాలుగైదు రోజుల పని అని లెక్క. అది జూన్ 23 దాకా, దాదాపు నెల రోజులు నిలబడింది. రోజూ రాత్రి చీకట్లో సెయింట్ ఆంజెలో వైపునుంచి పడవల మీద కొత్తవాళ్ళను తెచ్చి దించి, గాయపడ్డవాళ్ళను తీసుకుపోయేవారు. ఆ దారి మూతబడ్డ తరువాత లోపలున్నవారికి చావు తప్ప వేరే పని లేదు. సుమారు పదిహేను వందల మంది ఆ కోటలో పోయారు. తుర్గుత్ కూడా ఆ ముట్టడిలోనే తలకు గాయమై పోయాడు. కోట పడ్డాక ముస్తఫా నైట్ల శవాలను కొయ్య శిలువలకు కట్టి రేవు నీళ్ళలో వదిలాడని, అవి తేలుతూ అవతలి ఒడ్డుకు చేరాయని, లా వాలెట్ తన దగ్గరున్న తురక ఖైదీల తలలు నరికించి ఫిరంగులలో కూరి పేల్పించాడని ఆనాటి కథకులు రాశారు. ముట్టడిలో సిపాయిగా ఉండి దినచర్య రాసుకున్న ఇటలీవాడు ఫ్రాంచెస్కో బాల్బీ పుస్తకం 1567లో అచ్చయింది. మనకు తెలిసినదానిలో చాలా భాగం అతని చలవే.

వేసవి అంతా గోడలు కూలడం, కట్టడం, మళ్ళీ కూలడం. పగిలిన చోట రాళ్ళు పేర్చే పనికి ముస్లిము బానిసలను గొలుసులతో తెచ్చి నిలబెట్టారు. తమవారి గుళ్ళకే వారు చచ్చారు. స్థానిక స్త్రీలు, పిల్లలు రాళ్ళు మోశారు, మరిగే నీళ్ళు పోశారు, నిప్పుకుండలు అందించారు. సెప్టెంబరు 7న సిసిలీనుంచి సుమారు ఎనిమిదివేల సేన దిగింది. 8వ తేదీన ముట్టడి ముగిసింది. నేటికీ ఆ తేదీ మాల్టాలో జాతీయ సెలవు దినం.

డెక్కు మీద మా వ్యాపారస్తుడు మిత్రుడు ఈ కథ విని, "అయితే ఇది క్రైస్తవానికీ ఇస్లాముకూ జరిగిన పోరాటమన్నమాట," అన్నాడు. అందరూ అనేది అదే. టూరిస్టు గైడులు అదే చెబుతారు, సినిమా వేసి చూపించేవాళ్ళూ అదే చూపిస్తారు. కాని ఈ మాటలోంచి జారిపోయేది చాలా ఉంది. గోడల వెనక నిలబడినవారిలో నైట్లు అయిదారు వందలకు మించరు. కూలిసైన్యం కొంత. మిగిలినదంతా మాల్టా జనం, రైతులు, పడవవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు. వారు మాట్లాడినది అరబ్బుల కాలంనుంచి వచ్చిన అరబ్బీ మాండలికం. వారు కాథలిక్కులు, పట్టుదల గల కాథలిక్కులు, కాని దేవుణ్ణి పిలవడానికి వారి నోట ఉన్న మాట 'అల్లా'. ఇప్పటికీ అదే మాట. నలభై రోజుల ఉపవాస కాలాన్ని వారు 'రన్‌దాన్' అంటారు; అది రంజాను మాటే. ఇక గోడల అవతల జానిసరీలు ఉన్నారు. బాల్కన్ దేశాల క్రైస్తవ కుటుంబాలలో పుట్టి, పసితనంలో సుల్తాను పన్నుగా ఎత్తుకుపోబడి పెరిగినవారు. గోడకు ఇటు అల్లాకు మొక్కుతున్న క్రైస్తవులు, గోడకు అటు క్రైస్తవ తల్లులకు పుట్టిన ముస్లిములు. దీనిని రెండు మతాల పోరు అనడం అబద్ధం కాదు. చాలదు, అంతే.

పదిగంటలకు ఒడ్డుకు దిగాము. ఓడలు ఆగేది పింటో రేవుకట్ట దగ్గర. 18వ శతాబ్దపు గ్రాండ్ మాస్టరు పింటో కట్టించిన గిడ్డంగుల వరుస అది. ఇప్పుడు వాటిలో కాఫీ దుకాణాలు, జ్ఞాపికలు అమ్మే కొట్లు ఉన్నాయి. అక్కడినుంచి ఊరు కొండమీద ఉంటుంది. 1905లో కట్టిన పాత లిఫ్టును తీసేశాక చాలాకాలం మెట్లెక్కవలసి వచ్చేది; 2012లో 58 మీటర్ల ఎత్తు కొత్త లిఫ్టు పెట్టారు. పైకి చేరితే అప్పర్ బరక్కా తోట, రేవంతా కాళ్ళకింద.

వాలెట్టా నగరానికి ముట్టడి ముగిసిన ఆరు నెలలకే, 1566 మార్చి 28న, శంకుస్థాపన చేశారు. పోపు పంపిన ఇంజనీరు ఫ్రాంచెస్కో లాపరెల్లి నగరపటం గీశాడు, మాల్టావాడు గిరోలమో కస్సార్ భవనాలు కట్టాడు. బోడికొండ మీద గీతలు గీసి నిలువు వీధులు, అడ్డవీధులు నిర్ణయించి ఊరు కట్టిన పద్ధతి చూసి మా ఇంజనీరు పరవశించిపోయాడు. ఇల్లు కట్టుకునే ప్రతివాడూ రాతిలో వాననీటి తొట్టి తొలిపించాలి, మురుగుకాలువకు కలపాలి అని ఆనాడే నిబంధన. ఇంటికోసం తవ్విన రాయే ఇంటి గోడ, తవ్విన గుంటే నీటి తొట్టి. "మనవాళ్ళు ఇంకుడుగుంతల కోసం ఇప్పుడు జీవోలు తీస్తున్నారు," అని ఆయన నిట్టూర్చాడు. సరిగ్గా పన్నెండింటికి కింద వరుసలోని ఫిరంగి పేలింది. రేవులోని ఓడలు గడియారాలు సరిచేసుకోవడానికి పెట్టిన ఆనవాయితీ, ఇప్పుడు మాకోసం పేలుతోంది.

సెయింట్ జాన్ కో-కెథీడ్రల్ బయటినుంచి చూస్తే సైనిక గిడ్డంగిలాగా ఉంటుంది. లోపల అడుగు పెడితే కళ్ళు చెదురుతాయి. కప్పంతా మత్తియా ప్రెతీ 1660లలో వేసిన చిత్రాలు. నేలంతా రంగురాళ్ళ సమాధిఫలకాలు, సుమారు నాలుగు వందలు. అస్థిపంజరాలు, గంటగడియారాలు, బాకాలూదే దేవదూతలు. ప్రతి నాలుకకూ ఒక ఉపాలయం. లా వాలెట్ నేలమాళిగలో ఉన్నాడు. అతని దగ్గరే అతని లాటిను కార్యదర్శి ఆలివర్ స్టార్కీ ఉన్నాడు. ముట్టడిలో ఇంగ్లండు నాలుక తరఫున మిగిలిన ఒకే ఒక్కడు.

పక్కనున్న ప్రార్థనాశాలలో కరవాజ్జో బొమ్మ ఉంది. దాని ముందు మేము ముప్పావుగంట కూర్చున్నాము. రోములో హత్య చేసి పారిపోయి 1607లో మాల్టా చేరిన ఈ చిత్రకారుణ్ణి 1608 జూలైలో నైటుగా చేసుకున్నారు. అదే ఏడాది అతడు వేసిన 'యోహాను శిరచ్ఛేదం' అయిదు మీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది. సగం బొమ్మ ఖాళీగోడ. మూలన జైలు కిటికీలోంచి ఇద్దరు ఖైదీలు తొంగి చూస్తుంటారు. నేలమీద నెత్తురు, ఆ నెత్తురులోనే చిత్రకారుడి సంతకం. అతడు సంతకం చేసిన బొమ్మ ఇదొక్కటే. కొద్దినెలలకే ఎవరినో గాయపరచి సెయింట్ ఆంజెలో కోటలో ఖైదయ్యాడు, తప్పించుకుని సిసిలీ పారిపోయాడు. డిసెంబరు 1న సంఘం సమావేశమై అతణ్ణి కుళ్ళిన అవయవంగా లెక్కగట్టి వెలివేసింది. ఆ సమావేశం జరిగినది ఈ శాలలోనే, ఈ బొమ్మ ఎదుటనే. వెలివేసిన పెద్దమనుషులు తలెత్తి ఆ సంతకాన్ని చూశారో లేదో.

వైద్యురాలికి మాత్రం చిత్రాలకన్నా ఆసుపత్రి మీద ధ్యాస. నైట్లు 1574లో కట్టడం మొదలుపెట్టిన సాక్రా ఇన్ఫెర్మేరియా సెయింట్ ఎల్మో దారిలో ఉంది. దాని పెద్దవార్డు 155 మీటర్ల పొడవు, స్తంభమన్నది లేకుండా. రోగులకు వెండి పళ్ళాలలో భోజనం పెట్టేవారు. వైభవం కోసమే కాదు, వెండి శుభ్రంగా ఉంటుందని. ఎంత గొప్ప కులీనుడైన నైటైనా వంతు ప్రకారం వచ్చి రోగులకు వడ్డించాలి. "మా ఆసుపత్రిలో పెద్దడాక్టర్ల చేత నెలకొకసారి ఈ పని చేయిస్తే బాగుండును," అన్నదావిడ.

ఈ సంఘానికి ఉన్న రెండో ముఖం అక్కడే కనిపిస్తుంది. వెండి పళ్ళాలకు డబ్బు ఎక్కడిది? యూరపులోని భూముల ఆదాయం చాలావరకు. మిగతాది సముద్రం మీది వేట. ఏటా గేలీలు బయలుదేరి ముస్లిము ఓడలను పట్టి, సరుకునూ మనుషులనూ తెచ్చేవి. ఒక్కొక్క తెడ్డుకు అయిదుగురు. వారిలో బానిసలు, శిక్షపడ్డ నేరస్తులు, అప్పు తీర్చలేక తమను తాము తెడ్డుకు రాసిచ్చుకున్న పేదలు. తినేదీ, పడుకునేదీ, విసర్జించేదీ ఆ పలక మీదనే. గేలీ దగ్గరికి రాకముందే దాని వాసన వచ్చేదని చెబుతారు. వాలెట్టాలో బానిసల కోసం పెద్ద జైలే ఉండేది. 1749లో ఆ బానిసలు పింటోను చంపి దీవిని పట్టుకోవాలని కుట్ర పన్నారు. ముందుగానే బయటపడింది, ముప్పై మందికి పైగా చిత్రహింసలు పెట్టి చంపారు. మా ఓడ కట్టి ఉన్నది ఆ పింటో రేవుకట్టకే.

1798 జూన్‌లో ఈజిప్టుకు పోతూ నెపోలియను ఇక్కడ ఆగాడు. గుండెలు తీసిన బంట్లుగా పేరుపడ్డ నైట్లు రెండు రోజులైనా సరిగ్గా నిలబడలేదు. అతడు ఉన్నది ఆరు రోజులు. ఆరు రోజులలో మతవిచారణ న్యాయస్థానాన్ని రద్దు చేశాడు, బానిసత్వాన్ని రద్దు చేశాడు, సుమారు రెండువేల మందిని విడిచిపెట్టాడు. ఆసుపత్రి వెండినీ, గుడుల బంగారాన్నీ కరిగించి పట్టుకుపోయాడు. విముక్తీ దోపిడీ ఒకే సంతకం మీద జరిగాయి. మాల్టా జనం సెప్టెంబరులో తిరగబడింది బానిసత్వం పోయినందుకు కాదు, గుడి సొమ్ము వేలం వేసినందుకు.

మధ్యాహ్నం ఆకలి దంచుతుంటే ఒక సందులో పస్తీత్సీ దుకాణం దొరికింది. పొరలు పొరలుగా విరిగే పిండిలో జున్నుగాని బఠాణీ ముద్దగాని పెట్టి కాల్చినవి. మన కర్రీపఫ్‌కు దూరపు చుట్టం. దుకాణం అమ్మ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. మా పాతబస్తీ మిత్రుడు తినడం ఆపి చెవులు రిక్కించాడు. "అరె, ఈవిడ దునియా అందండీ!" అన్నాడు. నిజమే. మాల్టీసులో లోకాన్ని 'దిన్యా' అంటారు. పుస్తకం 'క్తీబ్', మన కితాబే. వార్త 'అహ్బార్', ఉర్దూలో పత్రికను అఖ్బార్ అంటాము కదా. స్నేహితుడు 'హబీబ్', తలుపు 'బీబ్', సముద్రం 'బహర్'. మధ్యలో ధన్యవాదానికి ఇటలీవారి 'గ్రాత్సి'. వ్యాకరణం ఎముకలు అరబ్బీవి, కండలో సగం సిసిలీది, పైన ఇంగ్లీషు చొక్కా. లిపి లాటిను. అరబ్బీ కుటుంబానికి చెందిన భాషను లాటిను లిపిలో తన ప్రామాణిక రూపంగా రాసుకునే జాతీయభాష మరొకటి లేదు.

ఈ భాషను 'వంటింటి భాష' అని ఈసడించేవారు. కోర్టు, చర్చి, చదువు, అన్నీ ఇటాలియనులో. ఇంట్లో పనిమనిషితో మాట్లాడటానికి మాత్రం మాల్టీసు. మికియెల్ అంటోన్ వస్సల్లి అనే పండితుడు 1796లో మాల్టీసు నిఘంటువు అచ్చువేసి, జనానికి వారి భాషలో చదువు చెప్పకపోతే వారు జాతి కారని వాదించాడు. రాజకీయాలలో పడి జైలుకూ ప్రవాసానికీ వెళ్ళాడు. 1825లో విశ్వవిద్యాలయంలో మాల్టీసుకు మొదటి ఆచార్యుడయ్యాడు. 1829లో చనిపోతే కాథలిక్కు శ్మశానంలో చోటు దొరకలేదు, ప్రొటెస్టెంట్ల శ్మశానంలో పూడ్చారు. తరువాత ఆంగ్లేయులకూ ఇటలీ పక్షపాతులకూ నడుమ భాషల పోరు దశాబ్దాలు నడిచింది. 1920లో రచయితలు సంఘంగా ఏర్పడి, నాలుగేళ్ళలో అక్షరమాల స్థిరపరిచారు. గీత అడ్డంగా కొట్టిన హ, పైన చుక్కపెట్టిన జ వంటి అక్షరాలు అచ్చులోకి వచ్చాయి. అక్షరాలు తెరమీద సరిగ్గా కనిపిస్తే చాలునని పండగ చేసుకున్న మనకు ఆ చుక్కల విలువ వేరే చెప్పనక్కరలేదు. 1934లో మాల్టీసు అధికారభాష అయింది. 2004లో దేశం యూరపు సమాఖ్యలో చేరినప్పుడు, అయిదు లక్షల మందైనా మాట్లాడని ఆ వంటింటి భాష బ్రసెల్సులో జర్మనుతో, ఫ్రెంచితో సమానంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎనిమిది నాలుకలవారు కోటలు వదిలిపోయారు. తొమ్మిదోది మిగిలింది.

మాల్టీసులో దొరికిన అతి పాత రచన ఒక ఇరవై పాదాల కవిత. పియెత్రు కషారో అనే 15వ శతాబ్దపు న్యాయాధికారి రాసినది. 1966లో ఇద్దరు పరిశోధకులు ఒక పాత నోటరీ చిట్టాలో చివరిపుటలో దానిని కనుగొన్నారు. అందులో విషయం ఒక కూలిన ఇల్లు. మేస్త్రీలు తవ్వితే గట్టిరాయి తగలలేదు, జారే బంకమట్టి తగిలింది, కట్టినది కూలింది, మళ్ళీ కట్టాలి. కోటల దేశపు సాహిత్యం ఇల్లు కూలడంతో మొదలయింది.

మనవాళ్ళు కూడా ఈ రేవుకు వచ్చారు. 1878లో రష్యాతో యుద్ధం వస్తుందేమోనని బ్రిటిషు ప్రధాని డిస్రేలీ సుమారు ఏడువేలమంది భారత సిపాయిలను సూయజు మీదుగా మాల్టాకు రప్పించాడు. యూరపు గడ్డమీద భారతసేన దిగడం అదే మొదలు. బెంగాలు, బొంబాయి దళాలతో పాటు మద్రాసు దళాలూ, మద్రాసు సాపర్లూ ఉన్నారు. ఆనాటి మద్రాసు సేనలో తెలుగువారు దండిగా ఉండేవారు కనుక ఈ రేవు ఒడ్డున ఆ వేసవి తెలుగు వినిపించి ఉంటుందనుకోవడం అత్యాశ కాదు. యుద్ధం రాలేదు, కొన్ని వారాలకే వారిని సైప్రస్‌కు పంపేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో మాల్టా అంతా ఆసుపత్రి అయినప్పుడు ఇక్కడ పోయిన భారత సిపాయిలకు పియెటా సైనిక శ్మశానంలో స్మారకం ఉంది. 19వ శతాబ్దం చివరనుంచి సింధీ వర్తకులు వాలెట్టాలో దుకాణాలు పెట్టి స్థిరపడ్డారు. వారి మనుమలు మాల్టీసు మాట్లాడతారు.

రెండో ప్రపంచయుద్ధం గురించి ఇక్కడ రాయబోను. దానికి వేరే వ్యాసం కావాలి. నగరద్వారం దగ్గర 1942 ఏప్రిలులో బాంబుకు కూలిన పాత ఒపేరా భవనపు మొండి స్తంభాలను అలాగే ఉంచి, వాటి నడుమ ఆరుబయలు రంగశాల కట్టారు. అదే ఏడాది ఆగస్టులో ఆకలితో చావబోతున్న దీవికి 14 సరుకు ఓడలు బయలుదేరితే అయిదే చేరాయి. చివరిది ఒహాయో అనే చమురు ఓడ, సగం మునిగి, రెండు పక్కలా యుద్ధనౌకలకు కట్టుకుని ఈ రేవులోకే వచ్చింది.

అయిదింటికల్లా ఓడలో ఉండాలి. ఉన్నాము. భోజనశాలలో మళ్ళీ పొద్దుటి వాదమే లేచింది. ఆ ముట్టడి ఓడిపోయి ఉంటే యూరపు ఏమయ్యేదని ఇంజనీరు, ఏమీ అయ్యేది కాదని వ్యాపారస్తుడు. గొంతులు పెరిగాయి. పళ్ళాలు తీయడానికి వచ్చిన కుర్రవాడు ఆగి, "మీరు తెలుగోరాండి?" అన్నాడు. ఇరవై రెండు ఇరవై మూడేళ్ళుంటాయి.

"ఏ ఊరు నాయనా మీది?" అని వైద్యురాలు అడిగింది.

"కవిటి దగ్గరండి. శ్రీకాకుళం జిల్లా."

తొమ్మిది నెలల ఒప్పందం. వారానికొకసారి ఈ ఓడ వాలెట్టాకు వస్తుంది. అతను చేరి అయిదు నెలలు. ఎన్నిసార్లు ఊళ్ళోకి దిగావని ఇంజనీరు అడిగాడు. ఒక్కసారి, రేవుకట్ట మీదున్న వైఫై దుకాణం దాకా, ఇంటికి వీడియో కాల్ చేసుకోవడానికి. ఓడ ఆగిన రోజునే వంటింట్లో పని ఎక్కువట, పైవాళ్ళు తిరిగి వచ్చేసరికి అన్నీ సిద్ధం కావాలి. అతణ్ణి తెడ్డు బానిసతో పోల్చే అతితెలివి నాకు లేదు. అతనికి జీతముంది, ఇంటికి డబ్బు పంపుతున్నాడు, చెల్లెలి చదువు సాగుతోంది, ఆ మాట గర్వంగా చెప్పాడు. కాని అయిదు నెలలుగా ప్రతివారం ఈ రేవులో ఉండి ఈ కోటలను నీటిమట్టపు గుండ్రటి కిటికీలోంచి మాత్రమే చూసినవాడి ఎదుట, సెయింట్ ఎల్మో నెల రోజులు ఎలా నిలబడిందన్న మా వాదం దానంతటదే ఆగింది.

ఓడ కదిలింది. కిటికీ అవతల సెయింట్ ఆంజెలో గోడలు వెనక్కి జరుగుతున్నాయి.

"వచ్చేవారం మూడు గంటలు సెలవిత్తామన్నారండి," అన్నాడు కుర్రవాడు పళ్ళాలు పేర్చుకుంటూ. "ఆ ఊళ్ళో ముందు ఏటి చూడాలండి?"

మేము ఆరుగురం ఒకేసారి నోరు తెరిచాము. ఇంజనీరు తోట అన్నాడు, వైద్యురాలు ఆసుపత్రి అన్నది. నేను నెత్తుటి సంతకం గురించి చెప్పబోయాను. మా పాతబస్తీ మిత్రుడు అందరినీ చేత్తో వారించి, పస్తీత్సీ దుకాణం ఉన్న సందుకు లిఫ్టు దిగినచోటినుంచి ఎలా వెళ్ళాలో కాగితం రుమాలు మీద పటం గీయడం మొదలుపెట్టాడు.